"ఒంటికి పడదు" అన్న మాట ఎక్కడ రాసిపెట్టాలి?

మా మేనమామకు 1994లో హెర్నియా ఆపరేషన్ జరిగింది. అప్పటికి నాకు పదేళ్లు. ఉదయం తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్లినవాళ్లు గంటన్నరలో బయటికి తెస్తామన్నారు. మధ్యాహ్నం మూడు దాటినా తీసుకురాలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మమ్మ, ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేది. ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, కుట్లు కూడా వేసేశారు. మామయ్యే ఊపిరి తీసుకోవడం లేదు. మత్తు డాక్టరు దాదాపు ఆరు గంటలు పక్కనే నిలబడి, చేత్తో రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించారని తర్వాత తెలిసింది. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఇప్పటికీ అది నాకు బాధగానే ఉంటుంది. సాయంత్రానికి మామయ్య వేళ్లు కదిలించాడు.

మాకు చెప్పింది ఒక్కటే: "మత్తు కాస్త ఎక్కువైంది." దాన్ని అమ్మమ్మ తన భాషలోకి మార్చుకుంది: "మావాడి ఒంటికి మత్తు పడదు." ఒకరికి వంకాయ పడదు, ఇంకొకరికి రాత్రిపూట పెరుగు పడదు అన్నట్టే, ఈ సంగతీ పద్దెనిమిదేళ్లు మా ఇంటి మాటల్లో ఉండిపోయింది.

2012లో అమ్మకు పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ తప్పదన్నారు. నేను అప్పుడు ఎండీ చేస్తున్నాను. ముందురోజు రాత్రి వార్డులో అమ్మ పక్క మంచం ఆవిడతో కబుర్లు చెబుతూ మామయ్య కథ ఎత్తుకుంది. ఎన్నోసార్లు విన్న కథే. ఆ రాత్రి మాత్రం "ఆరు గంటలు ఊపిరి తీసుకోలేదమ్మా" అన్న మాట దగ్గర నేను కుర్చీలోంచి లేచాను. నాలుగేళ్లుగా పుస్తకాల్లో చదువుతున్నది, మా అమ్మమ్మ చెప్పింది ఒకటేనని అంతకుముందు నాకెందుకు తట్టలేదో ఈ రోజుకీ తెలియదు.

మేం ఆర్యవైశ్యులం, ఆ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలు వదులు కావాలి. అందుకు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మన ఆసుపత్రుల్లో దాన్ని స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్లలో అదే మందు గంటల తరబడి ఉండిపోతుంది. ఊపిరి తీసే కండరాలు కూడా పడకేస్తాయి. ఆ సంగతి గుర్తించక మత్తు తగ్గించేస్తే ఇంకా దారుణం: మనిషికి మెలకువ ఉంటుంది, అన్నీ వినిపిస్తాయి, కనురెప్ప కూడా కదలదు. మామూలు రోజుల్లో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. అందుకే మందు పడేదాకా ఎవరికీ తెలియదు.

ఈ లోపం ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఎక్కువని 1979లోనే హ్యూమన్ జెనెటిక్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. మామయ్య ఆపరేషన్‌కు పదిహేనేళ్ల ముందు! 2006లో కోయంబత్తూరు వైశ్యుల్లో దీనికి కారణమైన జన్యు మార్పు ఏదో తేల్చారు. 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు నేచర్ జెనెటిక్స్‌లో పెద్ద పత్రం ప్రచురించాయి. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యు సమాచారం చూస్తే, 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినట్టు తేలింది. అలా కొద్దిమంది నుంచి పెరిగినవాళ్లుగా పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ (యూరప్ మూలాల) యూదుల్లో కనిపించేదానికన్నా తీవ్రంగా. ఆ 81లో పద్నాలుగింటి జనాభా పది లక్షలు దాటుతుంది. అలాంటి సమూహంలో ఎవరో ఒక పూర్వీకుడికి ఉన్న జన్యు మార్పు తర్వాతి తరాల్లో చాలామందికి చేరుతుంది. వైశ్యుల ఉదాహరణను ఆ పత్రం ప్రత్యేకంగా ప్రస్తావించింది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఈ మాట ఎత్తగానే "మేనరికాల వల్లే కదా" అంటారు. మేనరికం రిస్కు పెంచుతుంది, నిజమే. కానీ మేనరికం అసలు చేసుకోని కుటుంబాల్లోనూ ఇది ఉంటుంది. వందల ఏళ్లు ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే, ముక్కూమొహం తెలియని ఇద్దరు కూడా పాత తరాల లెక్కలో దూరపు చుట్టాలే అవుతారు. ఇది ఒక కులానికి అంటిన మచ్చ అనుకోవాల్సిన పని లేదు. 81 సమూహాలంటే, వెతికితే దాదాపు ప్రతి వీధిలోనూ ఏదో ఒకటి ఉంటుంది.

ఆ రాత్రి మత్తు డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. పొద్దున్నే అమ్మ రక్తం పంపారు. ఎంజైమ్ దాదాపు లేదనే వచ్చింది. స్కోలిన్ బదులు వేరే మందు వాడారు. అమ్మ అనుకున్న టైముకే లేచి కాఫీ అడిగింది. ఇందుకు జీనోమ్ (ఒంట్లోని జన్యు సమాచారం) మొత్తం చదవాల్సిన పని పడలేదు. ఒక మామూలు రక్తపరీక్ష సరిపోయింది.

తర్వాత ఊరెళ్లి, బీరువాలో దాచిన మామయ్య పాత డిశ్చార్జి కాగితం తీసి చూశాను. "హెర్నియా ఆపరేషన్. సాఫీగా జరిగింది. మూడో రోజు ఇంటికి." అంతే.

ఆ ఒక్క కాగితం గురించి నేను పదేళ్లకు పైగా ఆలోచిస్తున్నాను. ఇక్కడ ఏది విఫలమైంది? జన్యు శాస్త్రం కాదు, అది 1979లోనే చెప్పింది. వైద్యుడి నైపుణ్యం కాదు, ఆరు గంటలు చేత్తో ఊపిరి పోసిన మనిషి ఉన్నాడు. ఇంటి జ్ఞానం కూడా కాదు, అమ్మమ్మ తన భాషలో సరిగ్గానే పట్టుకుంది. ఆ ముగ్గురికీ తెలిసింది నాలుగో మనిషికి చేరే దారి లేదు.

ఈమధ్య జీనోమిక్స్ (జన్యు సమాచారం చదవడం), హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ఆరోగ్య రికార్డులు కంప్యూటర్లో దాచి అందించడం), సమగ్ర వైద్యం (ఆయుర్వేదం లాంటివాటినీ కలుపుకునే వైద్యం) మూడూ కలిపి పనిచేసే డాక్టర్ల గురించి చాలా వింటున్నాం. బాపట్లలో నా చిన్న క్లినిక్‌లో నేనూ నాకు చేతనైనంతలో అదే పని చేస్తున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ మూడింట్లో అందరూ మురిసిపోయేది జీనోమ్‌ను చూసి, ఎక్కువగా అమ్ముడుపోయేది సమగ్ర వైద్యం పేరు. ఎవరూ పట్టించుకోనిది రికార్డు. ఆ రికార్డు లేకపోతే మిగతా రెండూ రోగికి ఉపయోగపడవు.

నా దగ్గరికి వచ్చే ఒకావిడకు కొన్నేళ్ల కింద గుండెలో మైట్రల్ వాల్వు మార్చి లోహపు వాల్వు పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. ఈ మాత్ర డోసు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. ఒకరికి ఒక మిల్లీగ్రాము ఎక్కువైతే ఇంకొకరికి నాలుగు కూడా చాలదు. అందులో చాలా భాగం జన్యువుల పని. వీకేఓఆర్‌సీ1 అనే జన్యువు తయారుచేసే ఎంజైమ్‌ను ఈ మందు అడ్డుకుంటుంది, సీవైపీ2సీ9 అనేది మందును ఒంట్లోంచి పంపించేస్తుంది. రెండింటిలోనూ మనిషికీ మనిషికీ తేడాలుంటాయి. ఇక రెండో భాగం తిండిది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది.

ఆవిడ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే అంకె) ఏడాది పొడవునా బాగానే ఉండేది. ఉన్నట్టుండి ఒకసారి ఆ అంకె పడిపోయింది. మాత్రలు మానేశారా అంటే లేదంది. డోసు పెంచాను. నెల తిరిగేసరికి ఐఎన్ఆర్ హద్దు దాటి పెరిగింది, చిగుళ్ల నుంచి రక్తం. మళ్లీ తగ్గించాను. మరుసటి ఏడాది మళ్లీ అదే వరస. ఇంటర్ చదివే వాళ్లమ్మాయి పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీల నుంచి అమ్మ ఐఎన్ఆర్ అంకెలన్నీ తేదీలతో రాసేది. ఆ పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే, రెండేళ్లూ పడిపోయింది ఆషాఢంలోనే.

"మునగాకు తింటున్నారా?" అని అడిగాను.

"ఆషాఢంలో తినకుండా ఎలా ఉంటామమ్మా! వద్దంటారేమోనని చెప్పలేదు."

పప్పులో, పొడిలో, వేపుడులో, నెలంతా మునగాకే. నేను వద్దనలేదు. ఈ మందు వాడేవాళ్లకు "ఆకుకూరలు మానేయండి" అని రాసిచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, అది తప్పు. ఏడాది పొడవునా ఒకే లెక్కలో తింటే చాలు, డోసు దానికి తగ్గట్టు కుదురుతుంది. ఆషాఢంలో కాస్త ఎక్కువ తినాలనుంటే ముందుగా చెప్పమన్నాను, ఆ నెల వారానికోసారి పరీక్ష చేద్దామన్నాను. ఇప్పుడు ఆవిడ జ్యేష్ఠం చివర్లోనే ఫోన్ చేస్తుంది. జన్యువు, పథ్యం, లెక్క మూడూ ఒకే మనిషిలో ఎలా కలుస్తాయో ఆ పాల పుస్తకం చూపించినంత బాగా నాకు ఏ సెమినారూ చూపించలేదు.

ఇందులో నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే మనవాళ్లు "లేదండీ" అంటారు. అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల దృష్టిలో మందంటే డాక్టరు రాసిందే. పసరు, చూర్ణం, లేహ్యం, కషాయం, పొద్దున్నే తాగే రసం, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న క్యాప్సూల్స్, ఇలా పేరుపేరునా అడగాలి. అడిగేటప్పుడు మన మొహంలో చిరాకు కనపడకూడదు. కనపడిందంటే ఆ మనిషి ఇక ఎప్పటికీ చెప్పరు. "ఆయుర్వేదం గురించి అడగడమంటే దాన్ని ఒప్పుకున్నట్టే" అని నాతో వాదించే తోటి డాక్టర్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ అడగకపోతే నష్టపోయేది రోగి.

ఒక రిటైర్డ్ టీచరుగారు పచ్చబడ్డ కళ్లతో వచ్చారు. కామెర్లు. హెపటైటిస్ పరీక్షలన్నీ నెగటివ్. మందులు వాడటం లేదన్నారు. పేరుపేరునా అడిగాక, మోకాళ్ల నొప్పులకు నాలుగు నెలలుగా పసుపు క్యాప్సూల్స్ వేసుకుంటున్నట్టు తెలిసింది. పసుపు కదా, అనుమానమెందుకొస్తుంది? డబ్బా తెప్పించి చూశాను. గాఢంగా తీసిన కర్‌క్యుమిన్, ఒంటికి బాగా పట్టడానికి మిరియాల నుంచి తీసిన పైపెరిన్. ఆపించాం. రెండు నెలల్లో లివర్ మామూలైంది.

అమెరికాలో మందుల వల్ల వచ్చే లివర్ జబ్బులను నమోదు చేసే బృందం 2022లో ఇలాంటి పది పసుపు కేసులను ప్రచురించింది. పదిమందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బీ*35:01 అనే ఒకే జన్యు రకం ఉంది. ఒకరు చనిపోయారు. పరీక్షించిన ఏడు ఉత్పత్తుల్లో మూడింట్లో పైపెరిన్ కూడా ఉంది. గ్రీన్ టీ సారం వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లలోనూ ఇదే జన్యు రకం ఎక్కువగా కనిపించింది. ఈ రకం ఉన్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, కాబట్టి అందరికీ ఆ పరీక్ష చేయించాలని నేననను. పప్పులో వేసే పసుపు గురించి కంగారు అక్కర్లేదు. అది పోపులో పడే చిటికెడు, ఇది ఫ్యాక్టరీలో గాఢం చేసిన మందు. పేరు ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటి కావు.

తిప్పతీగదీ ఇలాంటి కథే. కోవిడ్ రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. దానివల్ల లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలను, హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు ముందుండి, దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి సేకరించి 2022లో ప్రచురించారు. ఇలాంటివి వచ్చినప్పుడల్లా రెండు వర్గాలు మోహరిస్తాయి. ఒకరు "అంతా విషమే" అంటారు, ఇంకొకరు "ప్రకృతి ఇచ్చింది హాని చేయదు" అంటారు. మన భాషలో ఎప్పటినుంచో ఉన్న ప్రశ్నను ఇద్దరూ మరిచిపోయారు: ఎవరి ఒంటికి? కోట్ల మంది తాగినా ఏమీ కాని కషాయం ఈ 43 మందికి ఎందుకు పడలేదు? జన్యు శాస్త్రం ఆయుర్వేదానికి చేయగలిగిన అసలైన మేలు ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఇందుకు వ్యతిరేక దిశలో జరుగుతున్నదాన్ని చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. మొదలైంది మాత్రం బాగానే. సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఆయుర్వేద వైద్యులు కలిసి 2015లో ఒక మంచి పరిశోధన ప్రచురించారు. 3,416 మంది ఆరోగ్యవంతులైన యువకుల ప్రకృతిని (ఆయుర్వేదం చెప్పే ఒంటి తత్వాన్ని) పరీక్షించి, వాతం, పిత్తం, కఫం స్పష్టంగా కనిపించిన 262 మందిని ఎంచుకుని వాళ్ల జన్యువులు చూశారు. చక్కెర జీవక్రియలో పనిచేసే పీజీఎం1 జన్యువుకూ పిత్త ప్రకృతికీ సంబంధం కనిపించింది. అంతకుముందు 2010లో ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ బృందం ప్రకృతి తేడాలను ఆధారం చేసుకునే, ఎత్తైన ప్రదేశాలకు ఒళ్లు అలవాటు పడటానికి సంబంధించిన ఈజీఎల్ఎన్1 జన్యువును గుర్తించింది. పాత శాస్త్రం వర్గీకరణను గౌరవంగా తీసుకుని పరీక్షకు నిలబెట్టారు కాబట్టి ఈ పని నాకు ఇష్టం. అయితే 262 మంది అంటే ఆరంభం మాత్రమే. దాన్ని పట్టుకుని "మీ డీఎన్ఏ ప్రకారం మీరు పిత్తం, ఈ ప్యాకేజీ కొనండి" అంటూ ఉమ్మితో రిపోర్టులు అమ్మడం అన్యాయం. అలాంటి నలభై పేజీల రంగుల ఫైలు పట్టుకొచ్చిన ఒక కుర్రవాడి రిపోర్టులో ఏ కూరగాయ తినాలో ఉంది. ఏ మందు అతనికి ప్రమాదమో ఒక్క వాక్యం కూడా లేదు.

ఆ వాక్యం రాయగలిగే శాస్త్రం ఇప్పటికే ఉంది. గుండె రక్తనాళంలో స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే రూపంలోకి మార్చేది సీవైపీ2సీ19 ఎంజైమ్. అది మందగించినవాళ్లలో మందు సరిగా పనిచేయకపోవచ్చని 2010లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్ర హెచ్చరిక ఇచ్చింది. ఆ మందగించే రకం దక్షిణాసియా వాళ్లలో ఎక్కువ. రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే ఎజాథయోప్రిన్ వాడేముందు చూడాల్సిన ఎన్‌యూడీటీ15 జన్యువులోని మార్పు కూడా ఆసియా వాళ్లలోనే ఎక్కువగా కనిపించే తేడా. యూరప్‌లోని ఏడు దేశాల్లో 6,944 మందిపై చేసి 2023లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, పన్నెండు జన్యువులు ముందే చూసి మందు ఎంచుకుంటే దుష్ప్రభావాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేరే సంగతి. రోగులకు పర్సులో పెట్టుకునే చిన్న కార్డు ఇచ్చారు. ఏ ఊరు వెళ్లినా, ఏ డాక్టరు చూసినా ఆ కార్డు తీసి చూపించవచ్చు.

మన దగ్గర 2021 సెప్టెంబరులో, ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా కలిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటికీ విస్తరించారు. పద్నాలుగు అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు చాలామందికి వచ్చింది. 2024 జనవరిలో ఆయుర్వేద, సిద్ధ, యునాని రోగనిర్ధారణలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కోడ్లు వచ్చాయి. పదివేల మంది భారతీయుల జీనోమ్ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఇవన్నీ నిజంగా పెద్ద అడుగులు, నేను సంతోషిస్తాను. అయితే నా టేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఏం కనిపిస్తుంది? నేను చూసిన సాఫ్ట్‌వేర్లలో చాలావరకు, పాత కాగితాన్ని ఫోనుతో తీసిన ఫోటోను అప్‌లోడ్ చేయడమే రికార్డు. ఆ ఫోటోలో "స్కోలిన్ వద్దు" అని రాసి ఉన్నా, రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఆ మందు రాస్తుంటే కంప్యూటరు నోరు విప్పదు. బొమ్మలోని అక్షరం దానికి సమాచారం కాదు. ఇక రోగి ఇంట్లో తాగే కషాయం రాయడానికి గడే లేదు.

ఇంత వివరం రాసిపెడితే రేపు అది మన మీదికే వస్తుందేమోనన్న భయం న్యాయమైనదే. జన్యు లోపం పేరు చెప్పి ఆరోగ్య బీమా క్లెయిమ్ నిరాకరించడం వివక్ష అని ఢిల్లీ హైకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది. కానీ పెళ్లి సంబంధాల దగ్గర ఏ కోర్టూ ఉండదు. అందుకే కులం పేరు రికార్డులో రాయడానికి నేను ఒప్పుకోను. కులం పరీక్ష చేయించాలని గుర్తుచేయడానికి మాత్రమే పనికొస్తుంది. రాయాల్సింది పరీక్ష ఫలితం, అదీ ఆ మనిషి అనుమతితో, చూడాల్సినవాళ్లు మాత్రమే చూసేలా. ఎంజైమ్ బాగున్న వైశ్యులే ఎక్కువమంది. ఎంజైమ్ లేనివాళ్లు వేరే కులాల్లోనూ ఉంటారు.

నా క్లినిక్‌లో ఓపీ చీటీ మీద రెండు గీతలు అదనంగా గీయించాను. ఒకటి "ఒంటికి పడనివి", రెండోది "ఇంట్లో వాడేవి". రెండో గీత మీద ఇప్పటిదాకా నేల ఉసిరి పసరు నుంచి ఊరూపేరూ లేని భస్మం దాకా ఏమేం రాశానో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. మొదటి గీత మీద రాసింది ప్రింటు తీసి, లామినేట్ చేసి ఇస్తాను. నలభై రూపాయల పని. అమ్మ కార్డు కిరాణా కొట్టు గల్లాపెట్టెలో, లక్ష్మీదేవి పటం వెనక ఉంటుంది. ఇంకో కాపీ ఆమె పర్సులో.

మా అమ్మమ్మ సంతానం, వాళ్ల పిల్లలు కలిపి మేం ఇరవై ఇద్దరం. పద్నాలుగు మందికి పరీక్ష అయింది. మామయ్య, అమ్మ కాక ఇంకొక్కరికి ఎంజైమ్ లేదని తేలింది, మా పిన్ని చిన్న కూతురికి. ఆ అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. కాన్పు ఎక్కడైతే అక్కడి మత్తు డాక్టరుతో నేనే మాట్లాడతానని చెప్పాను, కార్డు కూడా పంపాను. మిగిలిన ఎనిమిది మందీ ఇవాళ రేపు అంటూ వాయిదా వేస్తున్నారు. వచ్చే నెల మా పెద్దమామయ్య కొడుకు గృహప్రవేశం ఉంది, అందరూ వస్తారు. పాలు పొంగించడం అయ్యాక, టిఫిన్లకు ముందే శాంపిల్ తీసుకుంటానని అత్తయ్యకు చెప్పి ఒప్పించాను. ట్యూబులు, ఐస్ బాక్సు సర్దిపెట్టుకున్నాను.